ఇప్పుడేం వాయిస్తున్నావమ్మా?

మన బడి పిల్లల్లో చాలామంది శనివారం పియానో క్లాసు, ఆదివారం తెలుగు బడి. రిసైటల్ దగ్గర పడిందంటే మా హోంవర్కు రాదని తెలుసు, సర్దుకుంటాం. మా బాధ వేరు. "ఎన్నో లెవెల్?" అని అడిగే పెద్దలే గానీ, "ఇప్పుడేం సాధన చేస్తున్నావమ్మా?" అని అడిగేవాళ్ళు కనబడరు.

వార్సాలో సాధారణంగా ఐదేళ్ళకోసారి జరిగే షోపెన్ పోటీనే చూడండి. అన్ని రౌండ్లలోనూ షోపెన్ రచనలే వాయించాలి. 2025లో గెలిచిన అమెరికన్ ఎరిక్ లూ, 2015లో 17 ఏళ్ళ వయసులో అక్కడే నాలుగో స్థానం పొందాడు. 2018లో ఇంగ్లండులో లీడ్స్ పోటీ గెలిచాడు. పేరు వచ్చేసింది, కచేరీలు వచ్చాయి. అయినా పదేళ్ళ తర్వాత తిరిగొచ్చి మళ్ళీ అదే షోపెన్ ముందు కూర్చున్నాడు. ఫైనల్లో కాన్సర్టోతో పాటు పోలొనేజ్-ఫాంటసీ కూడా వాయించాడు.

ఇక్కడ మనం? పాప కుడిచేతి వరుస ఒక్కటే నెమ్మదిగా పదోసారి వాయిస్తుంటే "మళ్ళీ అదేనా?" అంటాం. అదే పాప ఒకే వర్ణాన్ని రెండు కాలాల్లో నెలల తరబడి పాడితే మురిసిపోతాం! సర్టిఫికెట్ రాగానే పియానో మీద గుడ్డ కప్పేసిన ఇళ్ళు మాకు తెలుసు.

ఈసారి వార్షికోత్సవంలో, ఇంకా నేర్చుకుంటున్న పీసునే పిల్లల చేత వాయిద్దామని మా ప్రతిపాదన. తప్పులు దొర్లుతాయి, మధ్యలో ఆగుతారు కూడా. 88 మెట్ల కీబోర్డు మేము తెస్తాం.