ఎవరి కొఱకు కూర్చిన నిఘంటువు?

నిఘంటువు కొనబోవువారు సాధారణముగా ఇందులో ఎన్ని మాటలు కలవని అడుగుదురు. దీనిని ఎవరి కొఱకు కూర్చిరని ముందుగా అడుగవలెనని నా మనవి. ఆంగ్లము మాతృభాషగా గలవారు చైనా దేశపు మాండరిన్ భాషను నేర్వదలచి ఎలక్ట్రానిక్ నిఘంటువును ఎన్నుకొనునప్పుడు ఈ ప్రశ్నను మఱచి చాల నష్టపోవుచున్నారు.

తైవానువారి బెస్టా, చైనావారి వెన్‌చూషింగ్ వంటి చేతి యంత్రములు ఒకనాడు అంగళ్లలో విరివిగా అమ్ముడుపోయినవి. అవి ఆంగ్లము నేర్చుకొను చైనా విద్యార్థుల అక్కఱ తీర్చుటకు పుట్టినవి గనుక, ఆంగ్లపదమునకు ఉచ్చారణను, ప్రయోగమును సమృద్ధిగా చూపి, చైనాపదమును సాధారణముగా వట్టి అక్షరరూపముననే నిలిపెడివి. తన మాటను ఎట్లు పలుకవలెనో చైనావానికి చెప్పవలసిన పనిలేదు గదా! ఇట్టి యంత్రమును ఆంగ్లేయుడు కొని, హోటలులో గదిని ముందుగా కుదుర్చుకొనదలచి, ‘బుక్’ అను మాటను వెదకెననుకొందము. ‘షూ’ అనియు ‘యూడింగ్’ అనియు రెండు మాటలు వరుసగా కనబడును. మొదటిది చదువుకొను పుస్తకము; గదిని కుదుర్చుకొనుట రెండవది. ఈ భేదము చైనావానికి ఉగ్గుపాలతో అబ్బినది గనుక అతని నిఘంటువు దానిని వివరింపదు. పరదేశికి అక్కడనే దారి తప్పును.

ఈ న్యాయము మనకు క్రొత్త కాదు. సి. పి. బ్రౌను 1852లో వెలువరించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెలుగు నేర్చుకొను ఆంగ్లేయుని దృష్టిలో నుంచుకొనినది. బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885లో ప్రకటించిన శబ్దరత్నాకరము తెలుగువానికి తెలుగులోనే అర్థము చెప్పినది. భాష ఒక్కటే అయినను చదువరి మాఱుటచేత చెప్పవలసినదియు మాఱినది.

మాండరిన్ నేర్చువానికి ముందుగా కావలసినది శబ్దము. మన లిపిలో అక్షరము కంటబడిన చాలును, నోరు దానిని పలుకగలదు. చైనా లిపిలో అక్షరమును ఎంతసేపు చూచినను దాని ఉచ్చారణ నిశ్చయముగా తెలియదు. ఆ లోటు తీర్చుటకే 1958లో చైనా ప్రభుత్వము రోమను లిపిలో వ్రాయు పిన్‌యిన్ పద్ధతిని ఆమోదించినది. అందును స్వరచిహ్నములు లేనిచో ప్రయోజనము సగమే. ‘మై’ అను మాటను గొంతు దించి మరల ఎత్తి పలికినచో కొనుట అని అర్థము. మీదినుండి క్రిందికి విసరినట్లు పలికినచో అమ్ముట అని అర్థము. నేటి సరళలిపిలో ‘కొనుట’ను తెలుపు అక్షరము నెత్తిపై కూడిక గుర్తు వంటి గీతలు చేర్చినచో ‘అమ్ముట’ యగును. స్వరము చూపని నిఘంటువును నమ్ముకొని బజారునకు పోయినవానికి బేరమే తలక్రిందులగును. ఒకే అక్షరము ఒక మాటలో ‘షింగ్’ అనియు, బ్యాంకునకు పేరైన ‘యిన్‌హాంగ్’లో ‘హాంగ్’ అనియు పలుకబడుచుండుటచేత, విడి అక్షరమునకే గాక ప్రతి పదమునకును పిన్‌యిన్ కావలెను.

పిదప కావలసినది తెలియని అక్షరమును వెదకు ఉపాయము. 1716లో పూర్తియైన కాంగ్‌షీ నిఘంటువు నలువదియేడు వేలకు పైబడిన అక్షరములను అక్షరములలో భాగములైన 214 మూలాంగముల క్రింద వర్గీకరించినది. చదువరి మూలాంగమును గుర్తించి, తక్కిన గీతలను లెక్కించి, ఆ వరుసలో వెదకవలసియుండెను. అభ్యాసము లేని విదేశీయునకు ఇది పెద్ద పరీక్ష. నేడు తెరపై వ్రేలితో అక్షరమును గీసిన చాలును, యంత్రము పోల్చుకొనును. కెమెరాతో వీథిలోని బోర్డును చూపినను చదువును. మైకేల్ లవ్ 2000లో స్థాపించిన ప్లెకో సంస్థ ఆంగ్లము తెలిసిన విద్యార్థి కొఱకే ఇట్టి నిఘంటువును, తొలుత పామ్ యంత్రములకును, తరువాత స్మార్ట్‌ఫోన్లకును కూర్చినది. నెట్టు లేనిచోటను పనిచేయు ఈ నిఘంటువే నా దృష్టిలో ఆంగ్లేయ విద్యార్థికి మొదట చూడదగినది.

మూడవది ప్రయోగము. మనము టెంకాయ కొట్టుదుము, చప్పట్లు కొట్టుదుము, ఈత కొట్టుదుము. అట్లే మాండరిన్‌లో ‘డా’ యనగా కొట్టుటయే అయినను, ఫోను చేయుటకును, గొడుగు పట్టుటకును, చేపలు పట్టుటకును ఆ మాటనే వాడుదురు. నలుగురు మనుషులనియు, నాలుగు చెట్లనియు మనము సంఖ్యను మార్చినట్లు, వారు లెక్కించు వస్తువునుబట్టి సంఖ్యకు వెనుక ఒక మాటను చేర్తురు: పుస్తకములకు ‘బెన్’, చేపలకును నదులకును ‘టియావ్’. ఇవి ఉదాహరణవాక్యములు లేక తెలియవు. 1997లో పాల్ డెనిసోవ్‌స్కీ ఆరంభించిన సీడిక్ట్ నిఘంటువు వంశమునకు చెందిన సీసీ-సీడిక్ట్ ఉచితముగా లక్షకు పైబడిన పదములను అందించుచున్నది, అది మహోపకారమే. అయినను అందు ఉదాహరణవాక్యములు లేనందున, దానితో కూడ జాన్ డిఫ్రాన్సిస్ ఏబీసీ నిఘంటువు వంటి పండితకృతమును ఒకటి ఉంచుకొనుట మేలు.

వైద్యవిద్యకై చైనాకు పోవు మన తెలుగు విద్యార్థులకును ఈ విచారము అక్కఱకు వచ్చును. వారును ఆంగ్లము మీదుగానే ఆ భాషను చేరుచున్నారు. రోగి తన బాధను మాండరిన్‌లో చెప్పునప్పుడు వాక్యమంతటిని అనువదించి చేతికిచ్చు యంత్రము ఆ పూట గడుపును గాని మాటను నేర్పదు.

కావున కొనబోవువారు డబ్బు చెల్లింపక మునుపు మూడు పరీక్షలు చేయుడు. ‘బుక్’ అని వెదకి పుస్తకమును, గది కుదుర్చుకొనుటను విడివిడిగా చెప్పునేమో చూడుడు. ‘మై’ అని వెదకి కొనుటకును అమ్ముటకును గల స్వరభేదమును చూపి వినిపించునేమో చూడుడు. తెలియని అక్షరమొకదానిని వ్రేలితో గీసి గుర్తించునేమో చూడుడు. మూడింటికిని నిలిచినదానిని కొనుడు. ఎన్ని లక్షల మాటలు కలవని చాటుకొనినను, నిలువనిదానిని అంగడిలోనే విడిచి రండు.