మీలాంటివాళ్ళకి నచ్చుతుంది చెల్లెమ్మా

పోయిన నెలలో ఓ ఆదివారం మావారి స్నేహితులు ముగ్గురు మా ఇంటికి భోజనానికి వచ్చారు. గుత్తివంకాయ కూర, పప్పుచారు, పెరుగావడలు అయ్యాక హాల్లో సోఫాల్లో చేరగిలబడి సినిమా కబుర్లు మొదలెట్టారు. ఒకాయన 'ఖైదీ' అన్నారు. కార్తి వేసిన తమిళ సినిమా, ఒక్క రాత్రిలో జరిగే కథ, పాట లేదు, హీరోయిన్ లేదు. ఇంకొకాయన కొరియా వాళ్ళ 'పారసైట్' చూడకపోతే జన్మ వృథా అన్నారు. మూడో ఆయన మలయాళం 'మంజుమ్మల్ బాయ్స్'లో కుర్రాడు గోతిలో పడిపోయే ఘట్టాన్ని చేతులు తిప్పుతూ వర్ణించారు. వింటుంటే నాకూ హుషారొచ్చింది. టీ కప్పులు బల్ల మీద పెడుతూ, "మీరు 'తుంబాడ్' చూశారా?" అన్నాను.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. మావారు నావైపు వింతగా చూసి, "అది దయ్యాల సినిమా కదే, నువ్వెప్పుడు చూశావ్?" అన్నారు. స్నేహితుల్లో పెద్దాయన నవ్వి, ఎంతో ఆప్యాయంగా, "అవన్నీ మీకెందుకు చెల్లెమ్మా. మొన్న ఓ సినిమా వచ్చింది, తల్లి సెంటిమెంటు. బాగా ఏడిపిస్తుంది. మీలాంటివాళ్ళకి నచ్చుతుంది" అన్నారు.

ఆయన మంచివారే. ఆయన మాటకి నేను పెద్దగా నొచ్చుకోలేదు. కానీ ఇంటర్ చదివే మా అమ్మాయి గదిలోంచి కేకేసింది చూడండి, "అంకుల్, మా అమ్మకి సీరియల్ టైప్ అయితే చాలు!" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వంటింట్లోకి వెళ్ళాక మాత్రం నవ్వు రాలేదు. పరాయివాళ్ళు వేసిన ముద్రని తుడిచేసుకోవచ్చు. కన్నకూతురు అదే ముద్ర పట్టుకుని నిలబడితే, అది ఇంట్లోనే తయారవుతోందని అర్థం. రేపు దాని నుదుటిన కూడా అదే పడుతుంది.

ముందు ఆ 'దయ్యాల సినిమా' సంగతి చెబుతాను. 2018లో వచ్చింది. హిందీ. ఎడతెగని వాన కురిసే ఓ మహారాష్ట్ర పల్లె, ఓ పాడుబడ్డ వాడా, అందులో బంగారు నాణేలు, వాటిని కాచుకుని ఓ భూతం. ఆ భూతాన్ని ఏమార్చడానికి పిండితో బొమ్మ చేసి తీసుకెళతాడు కథానాయకుడు. అది చూసిన మర్నాడు చపాతీ పిండి కలుపుతుంటే నా చెయ్యి ఓ నిమిషం ఆగిపోయింది. భయంతో కాదు. ఆ కథలో తండ్రి తన కొడుకుని కూడా ఆ నాణేల దగ్గరికి తీసుకెళతాడు. ఆస్తిలాగా ఆశని వారసత్వంగా ఇస్తాడు. మనం పిల్లల ముందు ఏం మాట్లాడుకుంటామో, ఏం కోరుకుంటామో అదే వాళ్ళకి అబ్బుతుందని ఆ సినిమా చెప్పినట్టు నాకింకో సినిమా చెప్పలేదు. నన్నడిగితే అసలైన కుటుంబ కథాచిత్రం అదే. కానీ మధ్యాహ్నం హాల్లో ఈ మాట చెప్పడానికి నాకు ఎవరూ రెండు నిమిషాలు ఇవ్వలేదు.

డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని. తొమ్మిది రసాలు వల్లెవేసి పరీక్ష రాశాను. శృంగారం, హాస్యం, కరుణ, రౌద్రం, వీరం, భయానకం, బీభత్సం, అద్భుతం, శాంతం. ఇందులో ఆడవాళ్ళకి ఒకటి, మగవాళ్ళకి ఎనిమిది అని ఏ లాక్షణికుడూ రాయలేదు. మరి ఈ పంపకం ఎవరు చేశారు? కరుణ ఒక్కటే మన కంచంలో వడ్డించి, మిగతావి హాల్లోకి ఎవరు పట్టుకుపోయారు?

మన అమ్మల సంగతి గుర్తు చేసుకోండి. యండమూరి 'తులసిదళం' వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే చదివింది ఎవరు? మా అమ్మ కొత్తకాపురంలో ఉండగా, వారం వారం ఆ పేజీలు చింపి దాచి, దబ్బనంతో కుట్టి పుస్తకం చేసుకుంది. చేతబడి కథ! పక్కింటి పిన్నిగారు రాత్రి పెరట్లోకి వెళ్ళడానికి భయపడుతూనే వచ్చేవారం కోసం ఎదురుచూసేదట. దాని కొనసాగింపు నవలని 1986లో 'కాష్మోరా' పేరుతో సినిమా తీస్తే ఆ ఆడవాళ్ళే వెళ్ళి చూశారు.

1991లో నాకు పన్నెండేళ్ళు. ఆ ఒక్క ఏడాదిలోనే మా అమ్మ, పిన్ని నన్ను వెంటబెట్టుకుని మ్యాట్నీకి 'క్షణక్షణం' చూశారు, 'ఆదిత్య 369' చూశారు. ఒకటి బ్యాంకు దోపిడీ, తుపాకులు, అడవిలో పరుగులు. ఇంకొకటి కాలయంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్ళొచ్చే కథ. ఆడవాళ్ళ క్యూలో నిలబడి, చీర కొంగులో చిల్లర ముడేసుకుని వెళ్ళిన మా పిన్ని, ఇంటికొచ్చి ఆ కాలయంత్రం ఎలా పనిచేస్తుందో మా బాబాయికి అన్నం వడ్డిస్తూ వివరించింది. ఇది మన జానర్ కాదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మరి ముప్ఫై ఏళ్ళలో ఏమైంది? మన అభిరుచి పాడైందా?

లేదు. అసలు మాట ఇక్కడుంది. మనకి థ్రిల్లర్ నచ్చక కాదు. థ్రిల్లర్ చూడ్డానికి కావలసిన సరుకు మన దగ్గర లేదు. కదలకుండా కూర్చోడానికి రెండున్నర గంటలు, అదీ ఆ సరుకు. మ్యాట్నీకి వెళ్ళిన మా అమ్మని ఆ మూడు గంటలు ఎవరూ పిలవలేకపోయేవారు. హాలు తలుపు మూశారంటే చీకట్లో ఆవిడ ఎవరి భార్యా కాదు, ఎవరి కోడలూ కాదు, ప్రేక్షకురాలు. సినిమా ఇంట్లోకి వచ్చాక ఆ తలుపు పోయింది. సోఫాలో కూర్చున్నా మనం డ్యూటీలోనే ఉంటాం.

సీరియల్ ఎందుకు చూస్తాం? చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ చూడొచ్చు. మధ్యలో లేచి పాలు దించి వచ్చినా కథ ఎక్కడికీ పోదు. గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలు మనం తిరిగొచ్చేసరికి అదే గుమ్మం దగ్గర, మూడు వైపుల నించీ మొహం చూపిస్తూ నిలబడే ఉంటుంది. థ్రిల్లర్ అలా ఆగదు. కుక్కర్ మూడో కూత కూసిందని లేచామా, ఆ నిమిషంలోనే హత్య జరిగిపోతుంది. 'తుంబాడ్' రెండు గంటలు కూడా ఉండదు. నేను నాలుగు రోజుల్లో నాలుగు ముక్కలుగా చూశాను. గ్యాస్ సిలిండర్ వచ్చినప్పుడొకసారి, మావారి ఫోనుకొకసారి, ఇస్త్రీ బట్టల అబ్బాయి బెల్లు కొట్టినప్పుడొకసారి ఆపాను. అదే మావారు 'ఖైదీ' చూసిన రాత్రి ఇంట్లో గిన్నె చప్పుడు కాకుండా నడిచాం.

తీరిక లేకపోవడాన్ని అభిరుచి అని పిలిచి, ఆ అభిరుచిని చూసి నవ్వడం ఏం న్యాయం?

"అదేం కాదు, ఆడవాళ్ళకి కుటుంబ కథలే ఇష్టం" అంటారా? నాకూ ఇష్టమే. 'బలగం' చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. కానీ 2023లో ఆ సినిమా చూసి తెలంగాణ పల్లెల్లో మగవాళ్ళు, మీసాలున్నవాళ్ళు, మాటల్లేని అన్నదమ్ములు ఏడ్చారు. ఊరి మధ్య తెరలు కట్టి మరీ చూశారు. అప్పుడది గొప్ప సినిమా అయింది. మనం మాత్రమే ఏడిస్తే అది ఏడుపు సినిమా. కన్నీళ్ళకి కూడా మీసం ఉంటేనే మర్యాద కాబోలు.

ఆడవాళ్ళు తీసినా అంతే. అత్యధిక చిత్రాలకి దర్శకత్వం వహించిన మహిళగా గిన్నిస్ పుస్తకానికెక్కిన విజయనిర్మలగారు మన తెలుగావిడ. 2014లో వెంకటేశ్, మీనాలతో వచ్చిన తెలుగు 'దృశ్యం' మావారు ఇప్పటికీ అందరికీ సిఫార్సు చేస్తారు. దానికి దర్శకురాలు శ్రీప్రియ అని నేను చెబితే, "అవునా?" అని ఫోను తీసి చూసుకున్నారు.

ఇంతవరకూ వాళ్ళని అన్నాను. ఇప్పుడు మనల్ని అంటాను, కోపం తెచ్చుకోకండి. మనం ఒకరికొకరం సినిమా ఎలా చెప్పుకుంటాం? "పిల్లలతో చూడొచ్చు", "నీట్‌గా ఉంది", "చివర్లో ఏడుపొస్తుంది". అంతే కదా! పప్పు ఉడికిందో లేదో చెప్పినట్టు. అందులో మనకేం తోచిందో, ఎక్కడ ఒళ్ళు జలదరించిందో, ఎవరిమీద కోపం వచ్చిందో చెప్పం. ఎవరైనా అడిగితే "నాకేం తెలుసులే" అని పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళిపోతాం. ఆ ఆదివారం నేను చేసింది కూడా అదే. మా అమ్మాయి ఏళ్ళ తరబడి చూస్తున్నది అదే. దానికి తప్పు మాట నేర్పింది అంకుల్ కాదు, నేనే.

అందుకని మొగుడితో పోట్లాడలేదు, కూతురికి క్లాసు పీకలేదు. గురువారం మధ్యాహ్నం రెండింటికి హాలు తలుపు వేసేస్తున్నాను. మా అత్తయ్యగారు, పై అంతస్తు ఆవిడ, ఎదురింటి ఆవిడ, నేను. ఫోన్లు వంటింట్లో బియ్యం డబ్బా మీద. సినిమా మధ్యలో ఆపడం లేదు. బెల్లు కొడితే కొట్టనివ్వడమే. వారానికొకరి వంతు. పోయినవారం చూసినలాంటిది మళ్ళీ పెట్టకూడదు. చూశాక టీ తాగుతూ ఒక్కొక్కరూ మాట్లాడి తీరాలి, "బాగుంది" అనే మాట వాడకుండా.

మొదటి వంతు డెబ్భై రెండేళ్ళ మా అత్తయ్యగారిది. భక్తి సినిమా అడుగుతారనుకున్నాను. 1985లో వచ్చిన వంశీ 'అన్వేషణ' పెట్టమన్నారు! "అప్పట్లో హాల్లో చూశాను. చంపిందెవరో నాకు తెలుసు, చెప్పను. నోరు మూసుకుని చూడండి" అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడతో ఒకే ఇంట్లో ఉంటున్నాను. హత్యల కథలంటే ఆవిడకి ప్రాణమని నాకు తెలియదు. నేనూ ఆవిడకి భక్తి ముద్ర వేసి కూర్చోబెట్టానన్నమాట.

రెండోవారం పై అంతస్తు ఆవిడ 'ఖైదీ' పెట్టింది. మాట పైకి వినిపించని మనిషి, లారీని తరుముతున్నంతసేపూ సోఫా చెయ్యి వదల్లేదు. తర్వాత మాట్లాడవలసి వచ్చినప్పుడు, పదేళ్ళ కూతురిని మొదటిసారి చూడబోతున్న ఆ ఖైదీ గురించి పావుగంట చెప్పింది. ఆదివారం మగవాళ్ళు గంట మాట్లాడారు గానీ ఆ కూతురి ఊసే ఎత్తలేదు.

మూడోవారం నా వంతు. ఏం పెట్టానో మీకు చెప్పక్కర్లేదు. ఈసారి ఒక్క ముక్కగా చూశాను. అది వేరే సినిమా.

మా అమ్మాయి మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ గురువారం కాలేజీ నించి తొందరగా వచ్చింది. "ఏంటమ్మా, మీరంతా ఇది చూస్తున్నారా?" అంది. సమాధానం చెప్పడానికి నేను లేవలేదు, తల తిప్పలేదు. అన్నం పెట్టమనడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, భుజాన బ్యాగుతోనే గోడకానుకుని సినిమా అయ్యేదాకా నిలబడింది.

మీరు ఆఖరుసారి ఓ సినిమాని ఒక్కసారి కూడా లేవకుండా ఎప్పుడు చూశారు? ఏ సినిమా? "బాగుంది" అనకుండా చెప్పండి.