చంపని షెల్టర్‌కు రోజూ తిండి పెట్టేదెవరు?

బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో తిరిగే కుక్కలను పట్టి షెల్టర్లకు చేర్చాలని, తిరిగి అక్కడ వదలొద్దని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. అప్పటి నుంచి కుక్కల ప్రేమికులు ఒక పక్క, కుక్క కాటు బాధితులు ఒక పక్క నిలబడి వాదించుకుంటూనే ఉన్నారు. పట్టుకొచ్చిన కుక్కకు రేపు పొద్దున తిండి ఎవరు పెట్టాలో మాత్రం ఎవరికీ పట్టడం లేదు. అడిగితే వచ్చే జవాబు ఒకటే: స్వచ్ఛంద సంస్థలున్నాయి, దాతలున్నారు. ఈ జవాబు తప్పు, బాధ్యతారహితం కూడా.

2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు 1 కోటి 53 లక్షలు. ఒక్కోదానికి తిండి, మందు, పనివాళ్ల కూలి కలిపి రోజుకు 40 రూపాయలే అనుకుందాం. అంత తక్కువలో సరిగా సాకడం కష్టమే, అయినా అలాగే లెక్కవేద్దాం. రోజుకు 61 కోట్లు, ఏడాదికి 22 వేల కోట్ల పైమాట. అన్నిటినీ పట్టమనలేదు కదా అంటారు. పదింట ఒకటి పట్టినా ఏటా 2,200 కోట్లు. ఏ బడ్జెట్‌లో ఉంది ఈ డబ్బు?

చంపని షెల్టర్ అంటే చోటు చాల్లేదనో, డబ్బు చాల్లేదనో ఏ కుక్క ప్రాణమూ తీయనిది. అంటే లోపలికి వచ్చిన ప్రతి కుక్కనూ దత్తతకు వెళ్లేదాకానో, చనిపోయేదాకానో సాకాలి. మన ఊళ్లలో దత్తతకు పోయేవి ఎక్కువగా కుక్కపిల్లలే. కాలు విరిగినది, కళ్లు పోయినది, ముసలిది అక్కడే ఉండిపోతాయి. పదేళ్లు బతికితే ఒక్క కుక్కకే లక్షా 46 వేలు. కారు కింద పడ్డ కుక్క ఫొటో పెడితే ఆ సాయంత్రానికే చికిత్సకు డబ్బు పోగవుతుంది. అదే కుక్క మూడో ఏడు తినే అన్నానికి, కెన్నెల్ కడిగే మనిషి జీతానికి, కరెంటు బిల్లుకు అడిగితే స్పందన ఉండదు. పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో బియ్యం బస్తా ఇచ్చేవాళ్లు మంచివాళ్లే, వాళ్లు లేకపోతే ఈ షెల్టర్లే లేవు. కానీ షెల్టర్ నిలిచేది నెలకు 200 తప్పకుండా పంపే వెయ్యి మంది మీద. ఆ రెండు లక్షలతో, రోజుకు 40 చొప్పున, సాకగలిగేది 166 కుక్కలను. కోటీ 53 లక్షల ముందు 166!

విదేశాల్లోని మనవాళ్లు పంపరా అంటారు. పంపుతారు. అయితే అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి విరాళం తీసుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. జిల్లా కేంద్రంలో నలుగురు కలిసి నడిపే చిన్న షెల్టర్‌కు అది అందని మాట. సామాజిక బాధ్యత కింద కంపెనీలు జంతు సంక్షేమానికి ఖర్చుపెట్టేందుకు 2013 కంపెనీల చట్టం వీలిచ్చింది. ఆ నిధి కూడా ఏటేటా వస్తుందన్న భరోసా లేదు.

2025 ఆగస్టు 22 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వులో, కోర్టుకొచ్చిన జంతు ప్రేమికులు 25 వేలు, సంస్థలు 2 లక్షలు కట్టాలన్నారు. ఆ డబ్బు కుక్కల వసతులకేనట. మున్సిపాలిటీ పెట్టాల్సిన ఖర్చును ప్రశ్నించినవారి నుంచి రాబట్టడం ఏ న్యాయం?

చెన్నై అనుభవం అందరూ మరిచారు. అక్కడి కార్పొరేషన్ 1860 నుంచి కుక్కలను చంపుతూ వచ్చింది. కుక్కలు తగ్గలేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లే మార్గమని జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ 1964 నుంచి చెబుతూ వస్తే, కార్పొరేషన్ ఒప్పుకున్నది 1990ల మధ్యలో. ఆపరేషన్, టీకా, నాలుగైదు రోజుల సంరక్షణ కలిపి రెండు వేలు అనుకున్నా, అది ఒక్కసారితో తీరే ఖర్చు. షెల్టర్‌లో అదే రెండు వేలు 50 రోజులకే అయిపోతాయి.

కాటు బాధ చిన్నదని నేననను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కలు కరిచి చిన్నారి చనిపోయిన ఘటన చూసి కదలనివారు లేరు. కరిచే కుక్కను, పిచ్చి సోకిన కుక్కను వేరుగా ఉంచాల్సిందే. ఆ పని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలది, దాతలది కాదు.

వంద కుక్కలకు కట్టిన షెడ్డులో మూడు వందలు తోస్తే పార్వో, డిస్టెంపర్ వ్యాధులు వారాల్లో ఊడ్చేస్తాయి. సూది వేసి చంపలేదు గనక ‘చంపని షెల్టర్’ అని బోర్డు ఉంచుకోవచ్చు. లోపల జరిగేది చంపడమే, దానికి బాధ్యులు కుక్కల బండి పంపిన అధికారులే. కాబట్టి ఒక్కో కుక్కకు రోజుకు ఎంత, ఎన్నేళ్లు ఇస్తారో మున్సిపల్ కమిషనర్ రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా తెచ్చే బండికి షెల్టర్లు గేటు తీయకూడదు. ఎంత ఒత్తిడి వచ్చినా, ఎవరు ఫోన్ చేయించినా తీయకూడదు.