పొట్లములోని మడి

హైదరాబాదునకు కొత్తగా కాపురము వచ్చినవారు గాని, పిల్లల చదువుల నిమిత్తము వచ్చి నాలుగు దినములు నిలుచు బంధువులు గాని మొట్టమొదట అడుగు ప్రశ్న యొకటి కలదు: ఈ యూరిలో మంచి భోజనము ఎక్కడ దొరకును? ప్రశ్న చిన్నదే. దానికి పత్రికలలోను, చేతి ఫోనులలోను లెక్కకు మించిన జవాబులు దొరకుచున్నవి. బిరియానికి ఇచ్చట, హలీమునకు అచ్చట, పెసరట్టునకు ఇంకొకచోట అని పట్టికలు వ్రాయువారి నాలుకలను నేను తప్పు పట్టను. కాని ఆ పట్టికలలో ఎంత వెదకినను కానరాని సంగతి యొకటున్నది. ఆ బల్లయొద్ద ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండగలరు? ఆ గడప ఎవరిని రానిచ్చును, ఎవరిని వెలుపల నిలుపును? పలు మతములవారు, పలు భాషలవారు కాపురముండు నగరమున భోజనశాలకు ఇదియే మొదటి పరీక్ష యనియు, రుచి రెండవదనియు నా వాదము. మన విద్యావంతుల యిండ్లలో ఈ మాటను కాదనువారుండరు. ఆచరణలో మాత్రము ఇది తలక్రిందులైనది. ఎట్లో చెప్పెదను.

బయటి తిండి మనకు కొత్తది కాదు. ఓరుగంటి వీధులను వర్ణించు క్రీడాభిరామమున ఒక రూక పుచ్చుకొని కమ్మని భోజనము పెట్టు పూటకూటి యిల్లు కలదు. కన్యాశుల్కమునందలి పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగు పాఠకుడు లేడు. అయితే పూటకూటి యింటికిని నేటి హోటలునకును గల ముఖ్యభేదము వంటలో లేదు. అచ్చట విస్తరి వేయుటకు ముందు కులము తెలియవలెను. ఇచ్చట పైకమున్న చాలును. ఈ మార్పు తనంతట తాను రాలేదు. దక్షిణ ఇండియా రైల్వే స్టేషనుల భోజనశాలలలో బ్రాహ్మణులకొక గది, ఇతరులకొక గది యను ఏర్పాటు 1941 వరకు సాగినది. చెన్నపట్టణమున తిరువల్లిక్కేణిలోని ఒక హోటలు బోర్డుమీది బ్రాహ్మణశబ్దమును తీసివేయవలెనని 1957లో పెరియారు అనుచరులు దినదినము ఎదుట నిలిచి, వరుసగా చెరసాలలకు పోయిరి. నడుమ 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము, తన 15వ అధికరణమున దుకాణములు, భోజనశాలలు, హోటళ్ళు అని పేరుపేరున చెప్పి, మతము కులము కారణముగ ఎవరికిని వానిలో ప్రవేశము నిరాకరింపరాదనెను. 1955 నాటి చట్టము అస్పృశ్యత పేర అట్లు నిరాకరించుటను శిక్షింపదగిన నేరము చేసెను. ఒక దేశపు మూలశాసనమునకు హోటలు అను మాట ఎక్కవలసి వచ్చెనన్నచో, అన్నము ముందర మనము చేసిన అవమానము ఎంతటిదో యోచింపుడు.

హైదరాబాదునందు ఈ పనిని చట్టమునకంటె ముందుగనే కొంతవరకు చేసినది ఇరానీ హోటలు. పారసీకదేశపు యజ్దు మొదలగు ప్రాంతములనుండి బొంబాయి మీదుగ వచ్చిన వర్తకులు వీధిమూలల స్థలములు చూచి ఈ హోటళ్ళు పెట్టిరి. మూలస్థలము అచ్చిరాదని మనవారు విడిచిపెట్టుటచేత అవి వారికి దొరకినవని పెద్దలు చెప్పుదురు. నిజమైనచో మన మూఢనమ్మకము ఊరికి చేసిన ఉపకారము ఇదియొక్కటియే. పాలరాతి పలక పరచిన బల్ల, చుట్టును నాలుగు కొయ్యకుర్చీలు. టీ డికాక్షను మూతపెట్టిన పాత్రలో మెల్లగ మరుగుచుండును. పాలు వేరొక పాత్రలో చిక్కబడుచుండును. గిన్నెలో రెంటిని కలిపి యిత్తురు. పాలు హెచ్చుగ కావలసినవారు పౌనా యని కేకవేయుదురు. ప్రక్కన ఉస్మానియా బిస్కత్తు. ఇవన్నియు రుచి సంగతులు. అంతకంటె గొప్ప సంగతి, ఆ బల్ల ఎవరి సొంతమును కాకపోవుట. మీరు కూర్చున్న బల్లయొద్దకు ముక్కు మొగము తెలియనివాడు వచ్చి, అనుమతి యడుగక, ఎదుటి కుర్చీ లాగుకొని కూర్చుండును. కోర్టు గుమాస్తా యెదుట ఆటో నడుపువాడు. వాని ప్రక్కన నామము పెట్టిన పురోహితుడు. ఆ ప్రక్క టోపీ పెట్టిన ముసలి దర్జీ. ఎవరి సాసరు వారిది, బల్ల అందరిది. ఎన్ని ఉపన్యాసములు చేసినను ఈ పాఠమును నేను బడిలో ఇంత చక్కగ చెప్పజాలను.

అట్లని ఇరానీ హోటలును పూజాస్థానము చేయుట నా ఉద్దేశము కాదు. దాని పెద్దహాలు చిరకాలము మగవాని హాలు. స్త్రీ వచ్చెనా, తెరవేసిన ఫ్యామిలీ గదిలోనికి తోలివేయుదురు. కులము చూడని బల్ల స్త్రీని చూచి కలతచెందుట వింత. ఈ పత్రికను చదువు సోదరీమణులు దీనిని సహింపనక్కరలేదు. తెర అక్కరలేదని చెప్పి, నలుగురి నడుమ కుర్చీ లాగుకొని కూర్చుండుటకు ఏ శాసనమును అడ్డురాదు.

ఊరి దక్షిణభాగమున బార్కాసు కలదు. నిజాము సైన్యమున కొలువు చేసిన హద్రమౌతు అరబ్బుల సంతతివారు అచ్చట నివసింతురు. బ్యారక్సు అను మాటయే బార్కాసైనది. వారి మండీ యను అన్నమును పెద్ద పళ్ళెమున పెట్టి, చుట్టును నలుగురైదుగురు కూర్చుండి, ఒకే పళ్ళెమునుండి తిందురు. ఎంగిలి యను మాటతో పెరిగిన మనకిది కొంత కష్టమే. నిజాముల కొలువున లెక్కలు వ్రాసిన కాయస్థుల ఇండ్లలో ముసల్మాను వంటయు హిందూ పండుగయు ఒకేచోట ఇమిడినవి. మొజంజాహీ మార్కెటు యొద్ద 1953లో కరాచీ బేకరీ పెట్టిన ఖాన్‌చంద్ రామ్నానీ దేశవిభజనచేత ఇల్లు విడిచి వచ్చిన సింధీ హిందువు. పోగొట్టుకొన్న ఊరి పేరును బోర్డుమీద నిలుపుకొనెను. ఆ పేరును 2019లో బెంగుళూరు శాఖ గుడ్డకప్పి దాచుకొనవలసి వచ్చెను. 2025 మే నెలలో శంషాబాదు శాఖమీదికి కొందరు కర్రలతో పోయిరి. దేశభక్తి పేర ఒక కాందిశీకుని జ్ఞాపకమును కొట్టుట ఏ దేశమునకు భక్తియో నాకు బోధపడలేదు. కోఠిలోని గోకుల్ చాటు యొద్దను, లుంబినీ పార్కునందును 2007 ఆగస్టు 25న బాంబులు పేలి నలువదిమందికి పైగా మరణించిరి. ఆ దుకాణము మరల తెరచిరి. భుజము భుజము రాచుకొనుచు జనము మరల నిలువబడిరి. నగరమునందలి సామాన్యులకు, చదువుకొన్న మనకు లేని ధైర్యమేదో కలదు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదను. మన యిండ్లలో ఒక కొత్త ఆచారము పుట్టినది. దానికింకను ఎవరును పేరు పెట్టలేదు గావున నేను పెట్టెదను: పొట్లపు మడి. పాతబస్తీ బిరియాని కావలెను, పాతబస్తీ వలదు. హలీము కావలెను, రంజాను రాత్రి ఆ వీధిలో జనముతో నిలువబడుట వలదు. ఫోనుమీద వ్రేలు పెట్టినంతనే అరగంటలో పొట్లము గుమ్మమునకు వచ్చును. తెచ్చిన పిల్లవాడు గుమ్మము దాటరాదు. కొన్ని భవనములలో వానికి లిఫ్టు సయితము వేరు. ఐదంతస్తులు ఎక్కివచ్చినవానికి మంచినీళ్ళు కావలెనా యని అడుగువారు అరుదు. వాడు పోయిన పిమ్మట పొట్లము విప్పి, మన పళ్ళెములలో వడ్డించుకొని, ఈ నగరపు కలివిడి సంస్కృతి ఎంత గొప్పది యని మెచ్చుకొందుము! మా అమ్మమ్మగారి నాటి మడిలో ఎంత క్రూరత్వమున్నను ఒక నిజాయితీ యుండెను. అది ఎదుటివానిని వలదన్నప్పుడు వాని అన్నమును గూడ వలదనెను. ఈ కొత్త మడి అన్నమును పుచ్చుకొని మనిషిని త్రోసివేయును. ముసలివారికి, రోగులకు, రాత్రి పని ముగించి వచ్చు స్త్రీకి పొట్లము వరమే. వారిని నేననుట లేదు. కాళ్ళును తీరికయు కారును ఉండి గుమ్మము కదలనివారిని గూర్చియే నా మాట.

ఈ రోగము ముదిరిన పిమ్మట ఏమగునో ఇదివరకే చూచితిమి. 2019 అక్టోబరులో ఈ నగరముననే ఒక గృహస్థుడు, పొట్లము తెచ్చినవాడు ముసల్మానని పుచ్చుకొననందున ఫిర్యాదు పోలీసుల వరకు పోయెను. 2024 మార్చిలో జొమాటో సంస్థ శాకాహారపు పొట్లములకు ఆకుపచ్చ దుస్తుల మనుష్యులను వేరుగ పంపుదుమని ప్రకటించి, నిరసన పుట్టగా మరునాడే ఆ దుస్తుల మాట మానుకొనెను. ఆ సంవత్సరమే జూలైలో ఉత్తరప్రదేశము, ఉత్తరాఖండములందు కావడి యాత్ర త్రోవలోని తినుబండారపు దుకాణములవారు తమ పేర్లు బోర్డుమీద వ్రాయవలెనని అధికారులు ఆజ్ఞాపించిరి. అమ్ము తిండి యెట్టిదో తెలుపుమనవచ్చును గాని యజమాని పేరు, పనివారి పేర్లు తెలుపుమని నిర్బంధింపరాదని సుప్రీంకోర్టు 22వ తేదీన మధ్యంతరముగ ఆ యాజ్ఞను నిలిపెను. పేరు తెలిసినచో పప్పు రుచి మారునా? మారదు. పేరు అడుగువానికి కావలసినది పప్పు కాదు.

ఆక్షేపణలు లేకపోలేదు. శాస్త్రము ఒప్పదందురు. ఏ శాస్త్రము? ఆపస్తంబ ధర్మసూత్రమున ఆర్యుల పర్యవేక్షణలో శూద్రులు అన్నము వండవచ్చునని స్పష్టముగ కలదు. ఆ పర్యవేక్షణ షరతు నాకు సమ్మతము కాదు గాని, ఇతరుడు తాకిన అన్నము విషమని చెప్పువారికి అంతమాత్రపు ఆధారమైనను లేదని చూపుటకు ఇది చాలును. ఛాందోగ్యమున ఉషస్తి చాక్రాయణుడు ఏనుగులవాడు తినగా మిగిలిన ఉలవలను అడిగి తినెను. అతడిచ్చిన నీటిని మాత్రము, వేరొకచోట దొరకునని, పుచ్చుకొనలేదు. ఆపద్ధర్మమే యందురా? అట్లే కానిండు. ఆపద లేకుండ, నాలుకకోసమై పాతబస్తీ బిరియాని తెప్పించుకొను మీరు ఏ ధర్మమునకు చెందుదురో ముందు తేల్చుకొనుడు.

శుచి మాట యెత్తువారు కొంత మర్యాదస్థులు. శుచి కావలసినదే. 2006 నాటి ఆహారభద్రతా చట్టము క్రింద పొందిన అనుమతి పత్రము గోడమీద కనబడవలెను, కనబడకున్న అడుగుడు. కాని 2024లో ఈ నగరమున అధికారులు వరుసగ చేసిన తనిఖీలలో పేరుమోసిన పెద్ద చోట్ల వంటగదులలో గూడ లోపములు బయటపడినవి. మురికికి కులగోత్రములు లేవు. ఇక శాకాహారులు: వారి నియమము వారిష్టము, దానిని గౌరవింపవలసినదే. తన విస్తరిలో ఏమి యుండవలెనో నిర్ణయించుకొనుట ఒకటి, ప్రక్కవాని విస్తరిని చూచి లేచిపోవుట మరియొకటి. ఉస్మానియా బిస్కత్తు తినుచు టీ త్రాగువానిని మాంసము తినుమని ఇరానీ హోటలులో ఎవరును బలవంతపెట్టరు.

నన్నడుగు బంధువులకు నేను చెప్పు జవాబిది. ఉదయము చార్మినారు చుట్టుప్రక్కల ఏదేనొక ఇరానీ హోటలున, తెరలోపల కాక, పెద్దహాలులో కుటుంబసమేతముగ కూర్చుండుడు. మధ్యాహ్నము ఆంధ్రభోజనశాలలో పప్పు, గోంగూర పచ్చడి తినుడు. ఎదుట కొత్తవాడు కూర్చుండినచో నేతిగిన్నె జరుపుడు. సాయంకాలము బార్కాసునకు పోయి పెద్దపళ్ళెము చుట్టు చేరుడు. మాంసము తిననివారు కోఠిలో నిలువబడి చాటు తినవచ్చును. ఇంకొకటి. ఈ నగరపు పెద్ద హోటళ్ళలో నేను తరచుగ చూచు దృశ్యము కలదు: తలిదండ్రులు, పిల్లలు బల్లచుట్టు కూర్చుండి తినుచుందురు, చంటిబిడ్డ నెత్తుకొన్న పనిపిల్ల, పదునాలుగు పదునైదేండ్లది, గోడవార నిలువబడి వారి పళ్ళెములవంక చూడకుండ చూచుచుండును. ఇంట ఆమెకు వేరు గ్లాసు కిటికీలో బోర్లించియుండును గావున ఇచ్చట ఆమె నిలువబడుట వారికి వింతగ తోచదు. ఆ వయసు పిల్ల బడిలో నుండవలసినది. ఆ సంగతి వేరొకమారు వ్రాసెదను. మీ యింట పనిచేయు ఆమెను వెంట తీసికొనిపోయినచో, సర్వరును పిలిచి ఆమెకును ఒక కుర్చీ, ఒక పళ్ళెము చెప్పుడు. పిదప బిల్లు చూచి, ఎంత పెరిగినదో లెక్కవేయుడు.