విజ్ఞానపు ముచ్చట్లు: గోడ ఒక్కటే చాలదు

పెద్ద ఇంటిని నాలుగు వాటాలు చేసి అద్దెకివ్వడం మనవాళ్లకు కొత్త కాదు. మధ్య గోడ పెట్టిస్తే ఎవరి కాపురం వారిది. కంప్యూటర్లను అద్దెకిచ్చే సంస్థలు చేస్తున్నదీ ఇదే. ఒక పెద్ద యంత్రంలో ఎన్నో “వర్చువల్ మెషీన్లు” ఏర్పరచి తలా ఒకటి ఇస్తారు. పుచ్చుకున్నవారికి అది సొంత కంప్యూటరులాగే కనబడుతుంది. దానికి డిస్కు, తెర, నెట్‌వర్కు అన్నీ ఉన్నట్టే ఉంటాయి. నిజానికవి ఒక ప్రోగ్రాం కట్టే వేషాలు. అటువంటి ప్రోగ్రాములలో పేరుమోసినది క్యూఎము. దీనిని ఫ్రెంచి దేశస్థుడు ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో బయటికి తెచ్చాడు.

ఒక వాటాలో మన డబ్బు లెక్కలే ఉండవచ్చు. పక్క వాటాలో ఎవరున్నారో మనకు తెలియదు. కనుక గోడ గట్టిదేనా అన్న ప్రశ్న కంప్యూటరువాళ్లది మాత్రమే కాదు, మనందరిదీను.

2015 మే నెలలో ఆ గోడకు చిల్లు బయటపడింది. దానికి “వెనం”, అనగా విషం, అని పేరు పెట్టారు. క్యూఎములో పాతకాలపు ఫ్లాపీ డిస్కును అనుకరించే భాగమొకటి ఉంది. అందులో 2004 నుంచీ దాగివున్న లోపమది. ఫ్లాపీ వాడేవారు కరువైనా ఆ భాగం మాత్రం అలాగే ఉండిపోయింది. దురుద్దేశం కలవాడు తన వాటాలోనుంచే ఆ లోపాన్ని పట్టుకొని, గోడ దాటి క్యూఎములోకే దూరగల వీలు కలిగింది.

మరి గోడ దాటినవాణ్ణి ఆపడమెట్లా? ఏ ప్రోగ్రామూ తనంతట తాను డిస్కును ముట్టలేదు, మరో ప్రోగ్రామును లేపలేదు. ప్రతి పనికీ కెర్నెల్ అనే ఇంటి యజమానికి అర్జీ పెట్టుకోవాలి. ఆ అర్జీ పేరే “సిస్టం కాల్”. లినక్స్‌లో ఇవి మూడు వందలకు పైమాటే. క్యూఎములోకి దూరిన దొంగకూ ఈ అర్జీలే గతి. కాబట్టి అక్కడొక గుమాస్తాను కూర్చోబెట్టి, ఈ ప్రోగ్రాముకు ఏ అర్జీలు చెల్లుతాయో జాబితా చేతికిస్తే సరి.

2005లో లినక్స్‌లో చేరిన సెక్‌కాంప్ ఆ గుమాస్తాయే. మొదట్లో మహా కఠినుడు. చదవడం, వ్రాయడం, పని చాలించడం వంటి నాలుగు అర్జీలు తప్ప ఒప్పుకొనేవాడు కాదు. 2012లో విల్ డ్రూరీ కృషి వల్ల ఎవరి అవసరానికి తగ్గ జాబితా వారు వ్రాసుకొనే సదుపాయం వచ్చింది. ఒకసారి ఇచ్చిన జాబితాను ఆ ప్రోగ్రాం ఇంకా బిగించుకోవచ్చునే గాని, సడలించుకోలేదు. దాని బలమంతా ఈ షరతులోనే ఉంది.

అయితే జాబితా వ్రాయడం తేలిక కాదు. క్యూఎము చాలా పెద్దది. ఎప్పుడు ఏ అర్జీ అవసరపడుతుందో చెప్పడం కష్టం. అవసరమైనది ఒక్కటి మరచినా ప్రోగ్రాం నడిమధ్య ఆగిపోతుంది. అందుకే 2012లో అనుమతుల జాబితాతో మొదలుపెట్టినవారు, 2017లో దానిని నిషేధాల జాబితాగా మార్చుకున్నారు. అధికారం పెంచుకోరాదు, కొత్త ప్రోగ్రాములను లేపరాదు అన్న కట్టుబాట్లను కోరినవారు పెట్టుకోవచ్చు.

2018లో అమెజాన్ సంస్థ వెలువరించిన ఫైర్‌క్రాకర్‌ది వేరే దారి. ప్రోగ్రామునే చిన్నది చేశారు. ఫ్లాపీ ఊసే లేదు. అనుకరించే పరికరాలు మొదట్లో నాలుగైదే. పని తక్కువ గనుక అనుమతుల జాబితా కురచగానే సరిపోయింది.

గుమాస్తాకూ హద్దులున్నాయి. అర్జీ నంబరూ, దానితో వచ్చిన అంకెలూ చూస్తాడు గాని, కవరు విప్పి లోపలి ఫైలు పేరు చదవడు. “ఫైలు తెరవవచ్చు” అని ఒప్పుకుంటే, ఏ ఫైలో అతడికి పట్టదు. దానికి వేరే కాపలా ఉండాలి. అనుమతించిన అర్జీని చూసే కెర్నెల్‌లోనే లోపముంటే గుమాస్తా చేయగలిగింది లేదు.

మన కుటుంబాలలో ఈ వృత్తిలో ఉన్న పిల్లలు చాలామందే. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక ప్రశ్న వేయండి: “నువ్వు నడిపే ప్రోగ్రాముకు నిజంగా ఏమేమి కావాలి? అక్కరలేనివి మూసేశారా?” జవాబు వెంటనే రాకపోయినా ఫరవాలేదు. వెళ్లాక ఆఫీసులో ఆ ఫ్లాపీ వంటి భాగం ఒకటి వెతికి తీసివేస్తే, ఎవరి పద్దులో చల్లగా ఉంటాయి.