ఫ్లోరిడాలో 537, రాజోలులో 814

2000లో అమెరికా అధ్యక్షుడు ఎవరన్నది ఫ్లోరిడా రాష్ట్రంలో 537 ఓట్లు తేల్చాయి. 2019లో రాజోలు ఎమ్మెల్యే ఎవరన్నది 814 ఓట్లు తేల్చాయి. మొదటి చోట దాదాపు 60 లక్షల మంది ఓటేశారు. రెండోది కోనసీమలో ఒక అసెంబ్లీ సీటు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అమెరికా ఎన్నికల పద్ధతిలో మంచేంటి, చెడేంటి అన్నది ఇక్కడివాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది.

అమెరికాలో ప్రజల ఓట్లన్నీ ఒకచోట కూడి అధ్యక్షుణ్ణి తేల్చరు. రాష్ట్రానికి ఇన్ని చొప్పున మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లు ఉంటాయి, 270 వస్తే గెలుపు. 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లకే ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ వెళ్లిపోతాయి. 2000లో దేశం మొత్తం మీద అల్ గోర్‌కు జార్జ్ బుష్ కంటే 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. అయినా ఫ్లోరిడా పోయింది, దానితో పదవీ పోయింది. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఎక్కువ వచ్చినా గెలిచింది ట్రంపే.

ఈ లెక్క వల్ల ఓటరు ఎవరన్నదాని కంటే ఎక్కడ ఉంటున్నాడన్నది ముఖ్యమైపోతుంది. కాలిఫోర్నియాలో ఉన్న ముస్లిం కుటుంబం ఓటు కోసం అధ్యక్ష అభ్యర్థులెవరూ తలుపు తట్టరు. అక్కడ ఫలితం ముందే తెలుసు. అదే కుటుంబం మిషిగన్‌లో ఉంటే సంగతి వేరు. 2016లో ఆ రాష్ట్రం 10,704 ఓట్ల తేడాతో ట్రంప్ వైపు పోయింది. గాజా మీద కోపంతో 2024లో అక్కడి డియర్‌బార్న్ పట్టణం డెమొక్రాట్లకు గట్టి దెబ్బే కొట్టింది. ట్రంప్‌కు 42 శాతం, కమలా హారిస్‌కు 36 శాతం, గ్రీన్ పార్టీ జిల్ స్టెయిన్‌కు 18 శాతం వచ్చాయి. కానీ ట్రంప్‌కు దేశంలో మొత్తం 312 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. మిషిగన్‌వి 15 తీసేసినా ఆయన గెలిచేవాడే. కోపం వినిపించింది, ఫలితం మాత్రం మారలేదు.

ఇదంతా చదివి అమెరికాను చూసి నవ్వుకోవాల్సిన పనేమీ లేదు. 2019లో జనసేనకు రాష్ట్రమంతా కలిపి సుమారు 5.5 శాతం ఓట్లు వస్తే దక్కిన సీటు ఒక్కటే, అది రాజోలు. పవన్ కళ్యాణ్ పోటీ చేసిన రెండు చోట్లా ఓడారు. గెలిచిన రాపాక వరప్రసాదరావు కూడా తర్వాత వైసీపీ వైపు జరిగిపోయారు. 2024లో పొత్తు పెట్టుకుని 21 చోట్లే పోటీ చేస్తే జనసేనకు 7 శాతం లోపు ఓట్లు, 21కి 21 సీట్లు. అదే ఎన్నికలో 39 శాతం ఓట్లు తెచ్చుకున్న వైసీపీకి 175లో దక్కినవి 11. అక్కడ ఓటు విలువను రాష్ట్రం సరిహద్దు నిర్ణయిస్తే, ఇక్కడ పొత్తు నిర్ణయించింది. ఓట్లకీ సీట్లకీ పొంతన లేకపోవడం రెండు దేశాలకూ ఉన్న జబ్బే.

అమెరికాలో డబ్బు సంగతి అందరికీ తెలిసిందే. 2010లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బయటి సంఘాలు, కంపెనీలు విడిగా పెట్టే ఖర్చుకు అడ్డే లేదు. 2024లో ఎలాన్ మస్క్ ఒక్కడే 25 కోట్ల డాలర్లకు పైగా పెట్టాడు. ఇక్కడ అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షల పరిమితి ఉంది. కాగితం మీద.

అమెరికన్ ఓటరుకు ఉండి మనకు లేని హక్కు ఒకటుంది. పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చేది కూడా వాళ్లే. దాన్ని ప్రైమరీ అంటారు. హైదరాబాద్‌లో పుట్టి, నాలుగేళ్ల వయసులో అమెరికా వెళ్లిన గజాలా హష్మీ కథ చూడండి. కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఆమె 2019లో వర్జీనియా సెనేట్‌కు గెలిచారు. 2025 జూన్‌లో లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి డెమొక్రాట్ల ప్రైమరీలో ఆరుగురు నిలబడ్డారు. ఆమె 28 శాతం లోపు ఓట్లతోనే స్వల్ప తేడాతో బయటపడ్డారు. నవంబర్ 4న అసలు ఎన్నికలోనూ గెలిచి, అమెరికాలో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన మొదటి ముస్లిం మహిళ అయ్యారు. ముస్లింలు కొద్దిమందే ఉన్న రాష్ట్రమది. ఆమెకు టికెట్ ఇవ్వాలా వద్దా అని ఏ అధిష్ఠానాన్నీ అడగాల్సిన పని పడలేదు. నిజమే, 28 శాతం కూడా రాకుండా అభ్యర్థి తేలిపోవడం ఆ పద్ధతిలో లోపమే. కానీ బీ ఫారం కోసం విజయవాడలో పడిగాపులు కాయడం కంటే అది ఎంతో నయం. 2024లో ఆంధ్ర అసెంబ్లీకి గెలిచిన ముస్లింలు ముగ్గురు, నంద్యాల, గుంటూరు తూర్పు, మదనపల్లె నుంచి. గోదావరి జిల్లాల నుంచి ఒక్కరూ లేరు. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం ఎస్సీ రిజర్వుడు. కొత్తపేట లాంటి జనరల్ సీట్లలో ముస్లిం పేరు పరిశీలనకు కూడా రాదు. వచ్చేలా చేసే దారి ఇక్కడి ఓటరు చేతిలో లేదు.

మనకు ఉండి వాళ్లకు లేనిది ఎన్నికల సంఘం. అక్కడ దేశమంతటికీ ఒకే విధంగా ఎన్నిక నడిపే సంస్థ లేదు. రాష్ట్రానికో చట్టం, కౌంటీకో బ్యాలెట్. 2000లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో బ్యాలెట్ గందరగోళంగా అచ్చేసి, గోర్‌కు వేద్దామనుకున్న వేలమంది ఓట్లు వేరే అభ్యర్థికి పడ్డాయి. దాన్ని సరిచేసే దిక్కు లేకపోయింది. రీకౌంటింగ్‌ను డిసెంబర్ 12న సుప్రీంకోర్టు ఆపేసింది.

అదే ఫ్లోరిడా ఎన్నికలో కోనసీమ కుటుంబాలకు నేరుగా తగిలే ముక్క మరొకటుంది. పోలింగ్ తర్వాత బుష్ ఆధిక్యం 300 ఓట్లకు పడిపోయింది. విదేశాల్లో ఉన్న సైనికులు, పౌరులు పోస్టులో పంపిన ఓట్లు లెక్కించాక అది 930కి పెరిగింది. కొంత రీకౌంటింగ్ అయ్యాక మిగిలినవే ఆ 537. అంటే దేశం బయట ఉన్నవాళ్ల ఓట్లు లేకపోతే బుష్ అధ్యక్షుడు కాడు. అమెరికా పౌరుడు కువైట్‌లో ఉన్నా ఇంటి చిరునామా మీద పోస్టులో ఓటేసే హక్కు 1986 చట్టం ఇచ్చింది.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి నుంచి కువైట్, దుబాయ్ విమానం ఎక్కినవాళ్లు 814 కంటే చాలా ఎక్కువే. వాళ్లలో ఓటు వేయగలిగేది ఎంతమంది? 2010 సవరణతో ప్రవాస భారతీయులకు ఓటు హక్కు వచ్చింది. ఫారం 6ఏ నింపితే పాస్‌పోర్టులో ఉన్న ఊరి జాబితాలో పేరు చేరుస్తారు. కానీ పోలింగ్ రోజు పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా బూత్‌కు రావాలి. నెల జీతం టికెట్‌కే పోతుంటే ఎవరొస్తారు? 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇలా నమోదైనవాళ్లు దేశమంతా 1.19 లక్షలు, వచ్చి ఓటేసింది 3 వేల లోపే. వాళ్లలోనూ ఎక్కువమంది కేరళవాళ్లు. తమ తరఫున మరొకరు ఓటేసే వీలు కల్పించే బిల్లు 2018లో లోక్‌సభ దాటి, రాజ్యసభ ఆమోదం పొందకుండానే మురిగిపోయింది. ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇస్తామని ఎన్నికల సంఘం 2020లో కేంద్రానికి రాసింది. అది ఇంకా కాగితాల్లోనే ఉంది.

ఇప్పుడు ఓటు వేయడం కంటే పేరు నిలబెట్టుకోవడమే ముందు పనైంది. 2025 అక్టోబర్‌లో ఎన్నికల సంఘం 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఓటర్ల జాబితాల ప్రత్యేక సవరణ ప్రకటించింది. అందులో పుదుచ్చేరి ఉంది కాబట్టి కోనసీమను ఆనుకున్న యానాం కూడా ఉంది. దేశమంతా దశలవారీగా చేస్తామన్నారు. ఈ పనిలో బీఎల్ఓకు ఫారం తిరిగి ఇవ్వకపోతే పేరు ఎగిరిపోతుంది. అబ్బా కువైట్‌లో, అమ్మీ బంధువుల ఊళ్లో, ఇంటికి తాళం అంటే రెండు పేర్లూ పోయే ప్రమాదం ఉంది. ఇంట్లో లేనివాళ్ల ఫారం మీద కుటుంబంలో పెద్దవాళ్లెవరైనా సంతకం చేసి ఇచ్చే వీలు ఉంది. గల్ఫ్‌లో స్థిరంగా ఉన్నవాళ్లకు ఫారం 6ఏ ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు, పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు జతచేయాలి. ఎవరి పాస్‌పోర్టులో ఏ ఊరుందో ముందు ఒకసారి తీసి చూసుకోవాలి.