హమాలీ ఏ లెక్కలోకి వస్తాడు?

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వెళ్లే దారిలో, కొత్తపేట దగ్గర టిమ్స్ (తెలంగాణ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్) ఆస్పత్రికి ఇచ్చిన ఆ 22 ఎకరాలు 2021 సెప్టెంబరు వరకూ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్. 1986 నుంచి నగరానికి మామిడి, బత్తాయి, ద్రాక్ష అక్కడి నుంచే వెళ్లేవి. ఆస్పత్రి వద్దనేవాళ్లు నగరం ఈ తూర్పు వైపున నాకు కనిపించలేదు. పెద్ద జబ్బు చేస్తే ఉస్మానియా ఆస్పత్రికో గాంధీ ఆస్పత్రికో పరుగెత్తాల్సిన జనం వీళ్లు. మార్కెట్‌ను తరలించడమే తప్పని కూడా నేననను. మామిడి సీజన్‌లో లారీలు బారులు తీరితే విజయవాడ రోడ్డు ఎలా ఉండేదో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. నా బాధల్లా, ఆ నేల మీద బతికినవాళ్ల సంగతే.

తెల్లవారకముందే లారీ వెనక తలుపు తెరుచుకునేది. హమాలీ జట్టు కాయను దింపి కుప్పలు పోసేది. ఆడవాళ్లు కింద కూర్చుని మచ్చ పడ్డది ఒక పక్కకు, గట్టిది ఇంకో పక్కకు ఏరేవాళ్లు. వేలం పాట ముగిశాక తోపుడు బండ్లవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కుప్ప కొని పంచుకునేవాళ్లు. పొద్దెక్కేసరికి ఆ కాయ సరూర్‌నగర్‌లోనో మలక్‌పేటలోనో బండి మీద ఉండేది. మధ్యలో టీ బండి, వరిగడ్డి అమ్మేవాళ్లు, విరిగిన పెట్టెలకు మేకులు కొట్టేవాళ్లు. కమీషన్ ఏజెంటుకు లైసెన్సుంది, సంఘముంది, వకీలుంది. వీళ్లలో చాలామందికి అక్కడ పనిచేశామని చూపించుకోవడానికి చిన్న చీటీ కూడా లేదు.

2020 మేలో మార్కెట్‌ను తాత్కాలికంగా నగర శివారు కోహెడకు పంపితే, గాలివానకు షెడ్లు కూలి జనం గాయపడ్డారు. వ్యాపారం మళ్లీ కొత్తపేటకే వచ్చింది. మరుసటి ఏడాది మార్కెట్ మూసేసి, సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని బాటసింగారం లాజిస్టిక్స్ పార్కుకు తరలించారు. అదీ తాత్కాలికమే అన్నారు. వ్యాపారులు హైకోర్టుకు వెళ్లారు. సామాను తీసుకెళ్లడానికి గేట్లు తెరవమని కోర్టు చెప్పింది. 2022 మార్చిలో కూల్చివేతలు మొదలైతే కోర్టు మండిపడింది. ఏప్రిల్ 26న వెయ్యి పడకల ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. ఈ గొడవ అంతటా వినిపించింది షాపులున్నవాళ్ల గొంతే.

ఎందుకిలా? 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావం అంచనా వేయాలంటుంది. సెంటు భూమి లేకపోయినా, మూడేళ్లుగా అక్కడ కష్టం చేసుకుని బతికే కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబమే అంటుంది. ఎంత మంచి మాట! కానీ అది భూమిని సేకరించినప్పుడే వర్తిస్తుంది. ఇక్కడ భూమి సర్కారుదే, ఒక శాఖ చేతిలోంచి ఇంకో శాఖ చేతిలోకి మారింది, అంతే. ఇక పర్యావరణ అనుమతి సంగతి. 20,000 చదరపు మీటర్లు దాటిన కట్టడాలకు అది తప్పనిసరి చేసిన 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషనే, భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మినహాయింపు కూడా ఇచ్చింది. దామరచర్లలో యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టాలంటే ఊరి జనాన్ని కూర్చోబెట్టి అడగాలి. ఆ కరెంటు వాడుకునే నగరంలో ఎంత పెద్ద భవనం లేపినా, పక్క గల్లీవాళ్లను పిలిచి అడగక్కర్లేదు. ఇది చట్టంలో ఉన్న కంత. దాన్ని పూడ్చకుండా సుస్థిరాభివృద్ధి గురించి ఎన్ని సదస్సులు పెట్టినా వ్యర్థమే.

కాగితాలున్నవాళ్ల పరిస్థితీ అంతంతమాత్రమే. 2024 సెప్టెంబరులో మూసీ నది అభివృద్ధి పథకం కోసం ఇళ్లను గుర్తించే సర్వే బృందాలు చైతన్యపురి, కొత్తపేట వైపు వచ్చినప్పుడు, ఇళ్లవాళ్లు రిజిస్ట్రేషన్ పత్రాలు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. వాళ్లకు అడ్డం నిలవడానికి ఒక గోడైనా ఉంది. హమాలీ దేనికి అడ్డం నిలబడతాడు?

మెట్రో ఎల్బీనగర్‌లో ఆగిపోతుంది. అక్కడి నుంచి బాటసింగారానికి బస్సో ఆటోనో. సరుకు తెచ్చుకోవడానికి ఆటో కిరాయి కడితే బండివాడికి మిగిలేదెంత? ఆ కిరాయి, ఆ డీజిలు, ఆ పొగ ఏ అంచనా వ్యయంలోనూ కనపడవు. ఇక్కడిదీ కలిపి నగరంలో తలపెట్టిన మూడు టిమ్స్ ఆస్పత్రులకు ప్రభుత్వం మంజూరు చేసింది 2,679 కోట్లు. అందులో పిసరంత ఖర్చుపెడితే, పని పోగొట్టుకున్న ప్రతి మనిషి పేరూ రాసుకోగలిగేవాళ్లం.

ఇప్పటికీ మించిపోలేదు. పాత మార్కెట్ కూలీల కుటుంబాలకు టిమ్స్‌లో పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్ పనుల్లో మొదటి అవకాశం ఇవ్వాలి. కోహెడలో శాశ్వత మార్కెట్ కడతామని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. అక్కడ షెడ్డు వేయడానికి ముందే బాటసింగారంలో పనిచేసే హమాలీలు, ఏరే ఆడవాళ్లు, బండ్లవాళ్లు అందరి జాబితా తయారుచేసి మార్కెట్ గేటుకు అంటించాలి. తెల్లవారుజామున ఎల్బీనగర్ నుంచి బస్సులు వేయాలి. కొత్తపేట పండ్లు తిని పెరిగినవాళ్లం మనం. ఈసారి మీ ఎమ్మెల్యే మీ కాలనీకి వచ్చినప్పుడు ఆ జాబితా ఏదని అడగండి.